సికింద్రాబాద్ గన్నర్ పుట్టిన ఊరు: ఒక ఇంగ్లిష్ వంశ పరిశోధన కేస్ స్టడీ

క్లయింట్ పెర్త్‌లో ఉండే ఆంగ్లో ఇండియన్ పెద్దావిడ. పుట్టింది సికింద్రాబాద్ లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో. 1960లలో కుటుంబమంతా ఆస్ట్రేలియా వెళ్లిపోయింది. ఆవిడ నాకు అప్పజెప్పిన పని ఒక్కటే: తమ ఇంటిపేరు ఇంగ్లాండ్‌లో ఏ ఊరి నుంచి వచ్చిందో, అక్కడ తమ పూర్వీకులు ఎవరో రికార్డులతో సహా తేల్చాలి.

ఇంట్లో తరాలుగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. విల్ట్‌షైర్ కౌంటీలో ఒక బిరుదున్న జమీందారీ కుటుంబం, వాళ్ల చిన్న కొడుకు ఆర్మీ ఆఫీసర్‌గా ఇండియా వచ్చాడు, ఇక్కడి అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు ఇంటివాళ్లు వెలేశారు. ఈ కథకు సాక్ష్యంగా హాల్లో గోడకి ఒక కులచిహ్నం (కోట్ ఆఫ్ ఆర్మ్స్, వంశపు గుర్తు బొమ్మ) ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నారు. ఇలాంటి ఫ్రేములు నాకు తరచూ ఎదురవుతాయి. ఇంగ్లాండ్‌లో కులచిహ్నం ఇంటిపేరుకి ఇచ్చేది కాదు, ఒక వ్యక్తికి, అతని వారసులకి ఇచ్చేది. 1484లో ఏర్పడిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ ఇప్పటికీ ఆ లెక్కలు చూస్తుంది. ఇంటిపేరు చెప్తే షాపులో అచ్చువేసి ఇచ్చే బొమ్మకి సాక్ష్యంగా విలువ లేదు. అలాగని ఇంటి కథని పూర్తిగా కొట్టిపారేయకూడదు. అందులో 'విల్ట్‌షైర్' అన్న ఒక్క మాట నిజమై ఉండొచ్చని నోట్స్‌లో రాసుకున్నాను.

కుటుంబం కోరిక మేరకు ఇంటిపేరు ఇక్కడ రాయడం లేదు. ఇంగ్లాండ్ పశ్చిమ ప్రాంతంలో అది చాలా మామూలు ఇంటిపేరు, ఈ కేసులో అసలు కష్టమంతా అదే. మూలపురుషుడి పేరు విలియం.

ముందు సికింద్రాబాద్ వైపు

ఈ పనిలో దాటకూడని నియమం ఒకటుంది. తెలిసిన మనిషి నుంచి తెలియని మనిషి వైపు, ఒక్కో తరం చొప్పున వెనక్కి వెళ్లాలి. ఇంగ్లాండ్‌లో ఎవరో గొప్పవాణ్ని పట్టుకుని కిందికి దిగుతూ రావడం మొదలుపెడితే, ఎక్కడో ఒకచోట మనకి కావాల్సిన పేరు దొరికే తీరుతుంది. ఆ దొరికింది మనవాడేనా అన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

బ్రిటిష్ ఇండియాలో చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల వివరాలకి కాపీలు తీసి లండన్ పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. బెంగాల్‌కి ఎన్/1 వరస, మద్రాస్‌కి ఎన్/2, బొంబాయికి ఎన్/3. మద్రాస్ వరస 1698 నుంచి మొదలవుతుంది. నిజాం రాజ్యంలో ఉన్నా సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉన్నది మద్రాస్ సైన్యం కాబట్టి మనకి కావాల్సినవి మద్రాస్ పుస్తకాల్లోనే ఉంటాయి. చాలా భాగం ఫైండ్‌మైపాస్ట్ సైట్‌లో చూడొచ్చు. బ్రిటిష్ ఇండియా కుటుంబాల చరిత్ర చూసే ఫిబిస్ సొసైటీ వాళ్ల ఉచిత డేటాబేస్ కూడా బాగా పనికొస్తుంది.

క్లయింట్ తాతగారి బాప్తిస్మం, ఆయన తండ్రి బాప్తిస్మం తేలిగ్గానే దొరికాయి. ముత్తాత తండ్రి నిజాం రైల్వేలో పనిచేశాడు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి రైలు 1874లో వచ్చింది, సైనికుల పిల్లలు ఎంతోమంది అలా రైల్వేలో చేరారు. ఆయన బాప్తిస్మం 1846లో సికింద్రాబాద్‌లో జరిగింది. ఆ ఎంట్రీలో తండ్రి విలియం, హోదా దగ్గర 'గన్నర్, మద్రాస్ ఆర్టిలరీ'.

ఆ ఒక్క లైనుతో ఆఫీసర్ కథ తేలిపోయింది. గన్నర్ అంటే మామూలు సిపాయి స్థాయి. అయినా రూఢి చేసుకోవడానికి ఈస్టిండియా కంపెనీ క్యాడెట్ పత్రాలు కూడా చూశాను. కంపెనీ సైన్యంలో ఆఫీసర్ కావాలనుకున్న ప్రతి కుర్రాడూ బాప్తిస్మం సర్టిఫికెట్ జతచేసి దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది. ఈ విలియం పేరుతో, సరిపోయే వయసుతో ఎవరూ లేరు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మామూలు సిపాయి అని తేలగానే చాలామంది క్లయింట్లు నీరసపడతారు. పరిశోధకుడికి మాత్రం ఇది మంచి వార్త. ఈస్టిండియా కంపెనీ తన యూరోపియన్ సైనికుల వివరాలు శ్రద్ధగా రాసిపెట్టింది. ఎల్/మిల్/9 వరసలో ఓడ ఎక్కిన వాళ్ల జాబితాలు, ఎల్/మిల్/11 వరసలో మద్రాస్ సైన్యం రిజిస్టర్లు ఉన్నాయి. వాటిలో వయసు, అంతకుముందు చేసిన వృత్తి, పుట్టిన చోటు, వచ్చిన ఓడ రాసి ఉంటాయి. పారిపోతే పట్టుకోవడానికి ఒడ్డూ పొడుగూ, కళ్ల రంగు కూడా.

మన విలియం 1831లో చేరాడు. వయసు 19. అప్పట్లో కంపెనీ డిపో కెంట్‌లోని చాథమ్‌లో ఉండేది, అక్కడి నుంచే ఓడ ఎక్కాడు. వృత్తి నేతపని. పుట్టిన చోటు ట్రోబ్రిడ్జ్, విల్ట్‌షైర్. ఇంటి కథలో ఆ ఒక్క మాట నిజమే.

ఒకే పేరుతో ముగ్గురు

ట్రోబ్రిడ్జ్ ఉన్ని బట్టల నేతకి పేరుపడ్డ పట్టణం. యంత్రాలు వచ్చాక అక్కడ బతుకు ఎంత కష్టమైందో తెలియాలంటే థామస్ హెలికర్ సమాధి చూడాలి. 1802లో మిల్లుల మీద దాడులు జరిగాయి. ఒక మిల్లు తగలబెట్టిన కేసులో ఈ కుర్రాణ్ని 1803లో సాల్స్‌బరీలో ఉరితీశారు. పందొమ్మిదేళ్లవాడు. సమాధి ట్రోబ్రిడ్జ్ సెయింట్ జేమ్స్ చర్చి ఆవరణలోనే ఉంది. చేతిమగ్గం పని పడిపోతున్న ఊళ్లలో పందొమ్మిదేళ్ల కుర్రాళ్లు సైన్యంలో ఎందుకు చేరతారో చేనేత కుటుంబాల నుంచి వచ్చిన మన పాఠకులకి వేరే చెప్పక్కర్లేదు.

1831లో 19 ఏళ్లంటే 1811, 1812 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఇంగ్లాండ్, వేల్స్‌లో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. అంతకుముందు కావాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. అవి థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో 1538లో మొదలయ్యాయి. 1598 నుంచి ప్రతి పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) ఏటా ఒక నకలు బిషప్‌కి పంపాలన్న నియమం వచ్చింది. అసలు పుస్తకం చెదలు తిన్నా, తడిసినా ఆ నకలు కాపాడుతుంది. విల్ట్‌షైర్‌వి రెండూ చిప్పెన్‌హామ్‌లోని కౌంటీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

రిక్రూటింగ్ సార్జంట్ అడిగినప్పుడు పల్లెటూరి కుర్రాడు తన ఊరి పేరు చెప్పకుండా దగ్గర్లోని టౌన్ పేరు చెప్పడం మామూలే. వయసు కూడా ఒకటి రెండేళ్లు అటూ ఇటూ చెప్పేవారు. అందుకని ట్రోబ్రిడ్జ్‌తో ఆగకుండా చుట్టుపక్కల పారిష్‌లన్నీ చూశాను. సరిపోయే విలియంలు ముగ్గురు తేలారు.

మొదటివాడు ట్రోబ్రిడ్జ్ సెయింట్ జేమ్స్ చర్చిలో 1812 మొదట్లో బాప్తిస్మం పొందాడు, తండ్రి థామస్. రెండోవాడు పక్కనే ఉన్న నార్త్ బ్రాడ్లీలో 1811 చివర్లో, తండ్రి జాన్. మూడోవాడు చర్చి రిజిస్టర్లో అసలు లేడు. ట్రోబ్రిడ్జ్‌లో బాప్టిస్టులు (ప్రభుత్వ చర్చికి బయట, సొంత చాపెళ్లు పెట్టుకున్న క్రైస్తవ శాఖ) ఎక్కువ, నేతవాళ్లలో మరీ ఎక్కువ. బాప్టిస్టులు పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు కాబట్టి చాపెల్ పుస్తకంలో పుట్టిన తేదీ రాసుకునేవారు. ఇలాంటి పుస్తకాల్ని 1837 తర్వాత ప్రభుత్వం సేకరించింది, ఇప్పుడు లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జీ 4 వరసలో ఉన్నాయి. అందులో 1812లో పుట్టిన విలియం, తండ్రి జేమ్స్.

ఇంటర్నెట్‌లో అప్పటికే నాలుగైదు వంశవృక్షాలు మన గన్నర్‌ని మొదటి విలియంకి అతికించి ఉన్నాయి. పేరు సరిపోయింది, ఊరు సరిపోయింది, ఏడాది సరిపోయింది. ఒకరు రాసింది మరొకరు కాపీ చేశారు. క్లయింట్ కూడా ఆ చెట్లు చూపించి "ఇంతమంది రాశారు కదా, నిజమే అయ్యుంటుంది" అన్నారు. ఎంతమంది రాశారన్నది లెక్కలోకి రాదు. ఒక మనిషిని ఇంకో దేశంలో ఉన్న మనిషితో ఒక్కడే అని చెప్పాలంటే, ముందు అతను సొంత ఊళ్లోనే చనిపోలేదని, సొంత ఊళ్లోనే బతికి లేడని చూపించాలి.

రెండోవాడి సంగతి తొందరగా తేలింది. 1841 జనాభా లెక్కల్లో నార్త్ బ్రాడ్లీలోనే భార్యాబిడ్డలతో ఉన్నాడు. ఆ లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని ఐదు గుణిజానికి తగ్గించి రాసేవారు, పుట్టిన ఊరు రాయరు. కాబట్టి దాని ఒక్కదాని మీద ఆధారపడలేదు. 1851 లెక్కల్లో పుట్టిన పారిష్‌తో సహా మళ్లీ కనిపించాడు. అప్పటికి మన గన్నర్ సికింద్రాబాద్‌లో ఉన్నాడు.

మొదటివాడి దగ్గర ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. 1816లో ట్రోబ్రిడ్జ్ ఖననాల రిజిస్టర్లో 'విలియం, వయసు 4' అని ఒక ఎంట్రీ ఉంది. 1813 నుంచి రిజిస్టర్లు అచ్చువేసిన ఫారాల్లో రాయాలని చట్టం వచ్చింది. బాప్తిస్మం ఫారంలో తండ్రి వృత్తి, ఉండే చోటు వచ్చాయి. ఖననం ఫారంలో వయసు, ఉండే చోటు వచ్చాయి గానీ తల్లిదండ్రుల పేర్లు రాసే గడి లేదు. చనిపోయిన ఆ నాలుగేళ్ల పిల్లవాడు థామస్ కొడుకా, జేమ్స్ కొడుకా? రిజిస్టర్ చెప్పదు.

జవాబు ఇంకో పేజీలో ఉంది. థామస్ దంపతులు 1818లో మరో కొడుక్కి బాప్తిస్మం చేయించారు, పేరు మళ్లీ విలియం. పోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకి పెట్టడం ఆ రోజుల్లో ఇంగ్లాండ్‌లో చాలా మామూలు. మొదటి విలియం బతికి ఉండగా అదే ఇంట్లో రెండో విలియం ఉండటం చాలా అరుదు. జేమ్స్ ఇంట్లో పేరు తిరిగి పెట్టలేదు. ఇంకో చిన్న ఆధారం కూడా ఉంది. 1813 తర్వాత పుట్టిన తమ్ముళ్ల బాప్తిస్మాల్లో థామస్ వృత్తి మేస్త్రీ పని అని ఉంది. మన గన్నర్ నేతవాడు.

మిగిలినవాడే మనవాడా?

ముగ్గురిలో ఇద్దర్ని తీసేస్తే మూడోవాడు మిగులుతాడు. చాలా రిపోర్టులు ఇక్కడే ఆగిపోతాయి. నేను ఆగను. మనకి కనిపించని నాలుగో విలియం ఉండొచ్చు, ఏ చాపెల్ పుస్తకమో పోయి ఉండొచ్చు. మూడోవాణ్ని సికింద్రాబాద్‌తో నేరుగా ముడివేసే కాగితం కావాలి.

అది రెండు చోట్ల నుంచి వచ్చింది. మొదటిది సికింద్రాబాద్ నుంచే. విలియం 1850ల మొదట్లో చనిపోయాడు. కంపెనీ సైనికుల వీలునామాలు, వాళ్లు వదిలిపోయిన వస్తువుల లెక్కలు ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. ఇతని వీలునామా చాలా చిన్నది. ఉన్నదంతా భార్యకీ పిల్లలకీ. చివర్లో కొద్ది మొత్తం 'ట్రోబ్రిడ్జ్‌లో ఉన్న నా చెల్లెలు ఆన్‌కి' అని, ఆమె పెళ్లయ్యాక వచ్చిన ఇంటిపేరుతో సహా రాయించాడు. ఇరవై ఏళ్లు చూడని చెల్లెలు ఆమె. ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

ఆన్ పెళ్లి 1839లో జరిగింది. 1837 తర్వాతి పెళ్లి సర్టిఫికెట్లలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. అందులో ఆన్ తండ్రి జేమ్స్, నేతవాడు.

రెండోది చిప్పెన్‌హామ్‌లోని పారిష్ పాత కాగితాల పెట్టెలోంచి. 1662 చట్టం ప్రకారం ఇంగ్లాండ్‌లో ప్రతి పేదవాడికీ ఒక 'సెటిల్‌మెంట్' పారిష్ ఉండాలి. పని పోయి సాయం అడిగితే ఆ పారిష్ వాళ్లే పోషించాలి. పుట్టుకతో గానీ, అక్కడ అప్రెంటిస్‌గా ఉండి గానీ, ఏడాదికి పది పౌండ్ల అద్దె ఇంట్లో ఉండి గానీ ఆ హక్కు వచ్చేది. ఎవరైనా సాయం అడగ్గానే పారిష్‌లో పేదల ఖర్చు చూసే ఓవర్సీర్లు ఆ ఖర్చు వేరే పారిష్ మీదకి నెట్టడానికి ప్రయత్నించేవారు. దానికోసం ఇద్దరు మేజిస్ట్రేట్ల ముందు ఆ మనిషిని నిలబెట్టి ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, పెళ్లెప్పుడు, పిల్లలెందరు అని అడిగి ప్రమాణం మీద రాయించేవారు.

జేమ్స్‌ని 1823లో అలా విచారించారు. వయసు 36 దాకా. వెస్ట్‌బరీలో పుట్టాడు. తొమ్మిదేళ్లప్పుడు పారిష్ వాళ్లు ఒక నేతవాడి దగ్గర అప్రెంటిస్‌గా పెట్టారు. భార్య హానా, పిల్లలు విలియం 11, ఆన్ 8, ఇంకో ఇద్దరు. విలియం, ఆన్, తండ్రి జేమ్స్, నేతపని, ట్రోబ్రిడ్జ్. వీలునామా, పెళ్లి సర్టిఫికెట్, ఈ విచారణ మూడూ వేర్వేరు మనుషులు వేర్వేరు అవసరాల కోసం రాసినవి. మూడూ ఒకే కుటుంబాన్ని చూపిస్తున్నాయి. 1846లో పుట్టిన కొడుకు పేరు కూడా జేమ్సే.

ఇంగ్లాండ్ పేదవాళ్ల చరిత్ర ఎక్కువగా ఇలాంటి కాగితాల్లోనే మిగిలింది. వాళ్లని గౌరవించి ఎవరూ రాయలేదు, డబ్బు ఖర్చవుతుందనే భయంతో రాశారు. మధ్యతరగతి రైతు గురించి రెండు బాప్తిస్మాలు, ఒక పెళ్లి తప్ప ఏమీ దొరకని చోట, కూడు లేని నేతవాడి జీవితం ఒక పేజీ నిండా అతని సొంత మాటల్లో దొరుకుతుంది. జేమ్స్ సంతకం చేయలేదు, ఇంటూ గుర్తు పెట్టాడు.

ఇంకా వెనక్కి

వెస్ట్‌బరీ అన్న మాట దొరకడంతో మిగతా దారి తెరుచుకుంది. జేమ్స్ బాప్తిస్మం 1787. తల్లిదండ్రుల పెళ్లి 1780. 1754 మార్చిలో హార్డ్‌విక్ పెళ్లిళ్ల చట్టం అమల్లోకి వచ్చాక పెళ్లి ఎంట్రీలో వధూవరులు, సాక్షులు సంతకం పెట్టాలి కాబట్టి ఇక్కడి నుంచి సాక్షుల పేర్లు కూడా పనికొస్తాయి. ఈ పెళ్లికి సాక్షి వరుడి అన్న. అతని ద్వారా ఇంకో తరం ఖాయమైంది.

1723 దగ్గర ఆన్‌లైన్ వృక్షాల్లో ఇంకో గందరగోళం ఉంది. రిజిస్టర్లో పెళ్లి 1723 మే నెలలో, మొదటి బిడ్డ బాప్తిస్మం 1723 ఫిబ్రవరిలో. పెళ్లికి ముందే బిడ్డ పుట్టిందని ఎవరో రాసేశారు, ఆ బిడ్డ ఇంకొకరి సంతానమని ఇంకెవరో మరో కథ కల్పించారు. 1752 వరకూ ఇంగ్లాండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్లో మే తర్వాతి పేజీలో ఉన్న ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1724. పెళ్లయిన తొమ్మిది నెలలకి బిడ్డ. ఆ ఆడమనిషి మీద ఇన్నాళ్లు పడ్డ మచ్చ క్యాలెండర్ తెలియకపోవడం వల్ల పడింది. రిపోర్టులో ఈ విషయాన్ని ప్రత్యేకంగా ఒక పేరాలో రాశాను, ఆ చెట్లు పెట్టినవాళ్లకీ పేజీ ఫొటో పంపాను.

1698లో ఒక బాప్తిస్మం దాకా వచ్చి ఆపేశాను. అక్కడ ఒకే పేరున్న ఇద్దరు తండ్రులు ఉన్నారు, వాళ్లని విడదీసే కాగితం లేదు. 1623లో హెరాల్డులు (కులచిహ్నాల లెక్కలు చూసే అధికారులు) విల్ట్‌షైర్ తిరిగి రాసుకున్న వంశావళుల్లో అదే ఇంటిపేరున్న జమీందారీ కుటుంబం ఉంది. ఇంటిపేరు ఒకటే కావడం తప్ప ఈ నేతవాళ్లకీ వాళ్లకీ మధ్య ఏ ఆధారమూ లేదని స్పష్టంగా రాశాను. క్లయింట్ మొదట కాసేపు మాట్లాడలేదు. జేమ్స్ విచారణ పత్రం చదివి వినిపించాక "ఆ తొమ్మిదేళ్ల పిల్లవాడి గురించి ఇంకేమైనా దొరుకుతుందా?" అని అడిగారు. వెస్ట్‌బరీ అప్రెంటిస్ పత్రాల్లో వెతికి ఒప్పందం కాపీ పంపాను.

సికింద్రాబాద్ భార్య

తండ్రి వైపు 1698 దాకా వెళ్లాం. గన్నర్ భార్య వైపు ఒక్క తరం దాటలేకపోయాం. 1840 పెళ్లి ఎంట్రీలో ఆమెని 'ఇండో-బ్రిటన్' (ఆంగ్లో ఇండియన్ అనడానికి అప్పటి మాట) అని రాశారు, వయసు 16. ఆమె బాప్తిస్మం కూడా దొరికింది. తండ్రి సార్జంట్, పేరూ రెజిమెంటూ పూర్తిగా ఉన్నాయి. తల్లి దగ్గర 'స్థానిక స్త్రీ' అని ఉంది. పేరు లేదు. మద్రాస్ పుస్తకాల్లో ఇలాంటి ఎంట్రీలు చూసిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. పిల్లకి బాప్తిస్మం ఇచ్చిన పాదిరీ ఎదురుగానే ఆ తల్లి నిలబడి ఉండొచ్చు. పేరు అడిగితే చెప్పేది.

సికింద్రాబాద్ కాబట్టి ఆవిడ తెలుగావిడే అయ్యుంటుందని రాయాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆధారం లేదు. మద్రాస్ సైన్యం వెంట వచ్చిన తమిళ కుటుంబాలు, ఉర్దూ మాట్లాడేవాళ్లు ఆ కంటోన్మెంట్‌లో చాలామంది ఉండేవారు. క్లయింట్ చేయించుకున్న డీఎన్ఏ పరీక్షలో కొంత శాతం దక్షిణాసియా అని వచ్చింది. దాంతో భాష తెలియదు, ఊరూ తెలియదు. ఆ డీఎన్ఏ ఈ ఒక్క తల్లి నుంచే వచ్చిందని కూడా అనలేం. రిపోర్టులో ఆమె గడి ఖాళీగా వదలకుండా 'పేరు నమోదు చేయలేదు' అని రాశాను. ఖాళీగా వదిలితే మనం వెతకలేదనుకుంటారు.

చేయాల్సింది ఇంకా ఉంది. రిజిస్టర్లో భార్య పేరు రాయించని సైనికులు కూడా వీలునామాలో ఆ పేరు రాయించిన సందర్భాలు ఉన్నాయి, ఆస్తి ఎవరికి చేరాలో చెప్పక తప్పదు కదా. సార్జంట్ ఏ ఏడాది చనిపోయాడో తెలియాలంటే అతని రెజిమెంట్ మస్టర్ పట్టీలు (సైనికుల హాజరు జాబితాలు) వరసగా చూడాలి, ఆ తర్వాత వీలునామాల పుస్తకాలు. సికింద్రాబాద్ చర్చిలో అసలు రిజిస్టర్ ఉంటే అదీ చూడాలి, ఎందుకంటే లండన్‌లో ఉన్నది గుమాస్తా రాసిన కాపీ, కాపీ రాసేటప్పుడు మాటలు వదిలేయడం ఉంటుంది. క్లయింట్ ఈ రెండో పనికి కూడా ఒప్పుకున్నారు. ప్రస్తుతం మస్టర్ పట్టీల్లో 1829 దాకా వచ్చాను, సార్జంట్ అప్పటికి ఇంకా బతికే ఉన్నాడు.